పాలతో వేసిన మాత్ర

ఆ ఏడు కాలవకి నీళ్లు ఆలస్యంగా వదిలారు. ఆగస్టు సగం గడిచినా మా ఊళ్లో సార్వా నాట్లు సగం కూడా పడలేదు. నాన్న రోజుకి మూడుసార్లు లాకుల దగ్గరికి వెళ్లి కాలవని చూసొచ్చేవాడు, తను చూస్తే నీళ్లు పెరుగుతాయన్నట్టు. అన్నయ్య హేమంత్ ముదినేపల్లి దగ్గర లీజుకి తీసుకున్న చేపల చెరువుల మీదే ఉండేవాడు. నేను గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్, ఈసీఈ. ఇంట్లో ఫ్యాను తిరక్కపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా నన్నే పిలిచేవాళ్లు. నాకు రెండూ బాగుచెయ్యడం రాదు. అయినా పిలిచినప్పుడల్లా వెళ్లి స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడేదాన్ని. తెలియదు అని చెప్పడం ఆ వయసులో నాకు అలవాటు లేదు.

మా వదిన హిమబిందుకి అప్పుడు అయిదో నెల. పెళ్లయి ఏడాది దాటింది. వాళ్లది దివిసీమలో నాగాయలంక దగ్గర చిన్న ఊరు. ఇంటర్ బైపీసీ చదివి ఆపేసింది. మాట తక్కువ, పని ఎక్కువ. కొత్తగా వచ్చినప్పుడు అమ్మ లేచేసరికి వాకిలి ఊడ్చి, ముగ్గేసి, పొయ్యి మీద నీళ్లు కూడా పెట్టేసేది. ఆ వేసవి నుంచి మాత్రం రెండు బిందెలు మోస్తే గోడ పట్టుకుని నిలబడేది. డాబా మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నం అన్నం తిన్న చోటే తల వాల్చేసేది. పక్కింటి సత్యవతమ్మగారు మీ కోడలు ఒళ్లు దాచుకుంటోందేమో అరుణా అని మా అమ్మతో అన్నప్పుడు అమ్మ అవుననలేదు. కాదని కూడా అనలేదు.

ఇంకో సంగతి ఉంది. వదిన పచ్చి బియ్యం తినేది. వంటింట్లో బియ్యం డబ్బా దగ్గర నిలబడి, గుప్పెడు తీసుకుని, ఒక్కొక్క గింజా పళ్ల మధ్య పెట్టి కొరుకుతూ ఉండేది. పట్టుకున్నది నేనే. మా ఇంటి రైస్‌మిల్లు అని పేరు పెట్టాను. కాలేజీ నుంచి నా ఫ్రెండ్స్ వచ్చినప్పుడు వదిన ముందే చెప్పాను కూడా, మిల్లులో రోజుకి ఎన్ని బస్తాలు ఆడుతుందో లెక్కలు వేసి మరీ. అందరూ పగలబడి నవ్వారు. వదిన కూడా నవ్వింది. ఆ తర్వాత డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడం నేర్చుకుంది.

మా ఊరికి వచ్చే నర్సు దేవమ్మగారు ఒక బుధవారం వదిన కంటి కింది రెప్ప లాగి చూసి, రక్తం పరీక్ష చేయించమని గుడివాడ పంపింది. ఎనిమిది పాయింట్లు వచ్చింది. పదకొండు ఉండాలట. మరుసటి బుధవారం ఎర్రమాత్రల అట్టలు తెచ్చి అరుగు మీద కూర్చుని, వదినకి ఏమేమో చెప్పి, ఇచ్చి వెళ్లిపోయింది. నేను కాలేజీలో ఉన్నాను. అమ్మ దొడ్లో గేదెకి కుడితి పెడుతోంది. ఆ పది నిమిషాల్లో ఆవిడ ఏం చెప్పిందో వదిన ఒక్కదానికే తెలుసు.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మాత్రల అట్టలు దేవుడి గూట్లో, అగ్గిపెట్టె పక్కన ఉన్నాయి. అమ్మ వాటిని వాడనివ్వనంది. కారణం చాలా సింపుల్. ఆ మాత్రలు వేసుకుంటే పిల్లలు నల్లగా పుడతారు. సత్యవతమ్మగారి చిన్న కూతురు వేసుకుంది, పిల్లవాడు నేరేడుపండులా పుట్టాడు. వాళ్లల్లుడు ఎలా ఉంటాడో అమ్మకి గుర్తు చేశాను. ఆ సంగతి వేరు అంది. అమ్మ అప్పటికే వదినకి రోజూ పొద్దున్నే కుంకుమపువ్వు వేసిన పాలు ఇస్తోంది, పెద్ద గ్లాసుతో. గుడివాడలో కొన్న చిన్న డబ్బీలోంచి రెండే రెండు పోగులు తీసి పాలల్లో వేసి, రంగు దిగేదాకా అక్కడే నిలబడి చూసేది. బిడ్డ తెల్లగా పుట్టడం అనేది మా ఇంట్లో చదువు, ఉద్యోగం లాంటి విషయాలతో సమానంగా చర్చకి వచ్చేది.

రెండు రోజులు వాదించాను. హిమోగ్లోబిన్ అన్నాను, ఆక్సిజన్ అన్నాను. అమ్మ విని, తలూపి, మాత్రలు తీసి ఇంకో గూట్లో పెట్టింది. మూడోరోజు నాకొక ఐడియా వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే ఆ క్షణంలో నేనెంత సంతోషపడ్డానో గుర్తుంది.

"అమ్మా, మాత్ర నలుపు చేస్తదంటావు. పాలు తెలుపు చేస్తాయంటావు. రెండూ కలిపి వేస్తే?"

అమ్మ గరిటె పట్టుకుని ఆలోచించింది. నేను ఒక చేత్తో మాత్రని, ఒక చేత్తో గ్లాసుని పట్టుకుని, ప్లస్సూ మైనస్సూ కలిస్తే సున్నా అని వివరించాను. నలుపూ రాదు, రక్తమూ పడుతుంది. పైగా మాత్ర వేడి చేస్తుందన్నావు, పాలు చలవ. పేపరు చదువుతున్న నాన్న, ఇంజనీరింగ్ చదివిస్తే ఇదన్నమాట అన్నాడు గానీ పేపరు దించలేదు. అమ్మ ఒప్పుకుంది. వదిన గుమ్మం దగ్గర నిలబడి మమ్మల్నిద్దర్నీ చూస్తోంది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. అది నేను చూశాను. చూశాను గానీ, గెలిచిన సంబరంలో ఉన్నాను.

మర్నాటి నుంచి పొద్దున్నే గ్లాసు పక్కన మాత్ర. నేను ఒక కాగితం మీద గళ్లు గీసి, తేదీలు వేసి గోడకి అంటించాను. వేసుకున్న రోజు టిక్కు. వదిన చేతే పెట్టించేదాన్ని. వారం తిరిగేసరికి వదినకి కడుపు బిగపట్టింది. దొడ్డికి వెళ్లడానికి ఏడ్చేంత కష్టం, అదీ నల్లగా. ఒకరోజు నెమ్మదిగా, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడిగింది. కోర్సు మధ్యలో ఆపితే ఏం జరుగుతుందో పావుగంట చెప్పాను. నాకు తెలిసింది యాంటీబయాటిక్స్ గురించి. అయినా చెప్పాను.

నెలా పదిహేను రోజులయ్యాక, దసరా సెలవులకి ముందు, గుడివాడలో మళ్లీ పరీక్ష చేయించారు. రిపోర్టు తేవడానికి కాలేజీ నుంచి నేనే వెళ్లాను. బస్టాండులో నిలబడి కవరు చింపి చూశాను. ఏడు పాయింట్ రెండు. పెరగలేదు సరికదా, తగ్గింది.

ఔట్‌పుట్ రాకపోతే ముందు ఇన్‌పుట్ చూడమని ల్యాబులో మాకు నేర్పారు. బస్సులో కూర్చుని అదే చూశాను. గోడ మీద నలభై అయిదు టిక్కులున్నాయి. రక్తం లేదు. అంటే మాత్ర లోపలికి వెళ్లడం లేదు. అంటే వదిన పారేస్తోంది. కడుపు బిగపడుతోందని తనే చెప్పింది కూడా. గుడ్లవల్లేరులో బస్సు దిగేసరికి నాకు సందేహమే లేదు.

ఇంటికెళ్లి దొడ్లో బట్టలారేస్తున్న వదిన ముందు కాగితం పెట్టాను. మాత్రలు ఎక్కడ పారేస్తున్నావని అడిగాను. పారెయ్యడం లేదు లిఖితా, రోజూ వేసుకుంటున్నా అంది. మరి ఇదేంటి అన్నాను. వదిన రిపోర్టు తీసుకుని చాలాసేపు చూసింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని చూసింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున్న గ్లాసు పట్టుకుని తన ముందు నేనే నిలబడ్డాను. మాత్ర నోట్లో వేసుకుంది, పాలు తాగింది.

"నోరు తెరువు వదినా. నాలిక ఎత్తు."

తెరిచింది. ఎత్తింది. నాలిక తెల్లగా పాలిపోయి, అంచులు నున్నగా ఉన్నాయి. నేను వెతుకుతున్నది మాత్రని కాబట్టి నాలిక చూడలేదు. గుమ్మంలో నిలబడిన అమ్మ, మనిషిని అట్టా అడగొచ్చటే అంది. నీకు తెలీదు నువ్వుండమ్మా అన్నాను. మూడు రోజులు అలాగే చేశాను. మూడోరోజు నేను అడక్కముందే వదిన నోరు తెరిచి, నాలిక ఎత్తి, నాకేసి చూస్తూ నిలబడింది.

బందరు వెళ్దామన్నది అన్నయ్య. రిపోర్టు చూసి భయపడ్డాడు. చెరువుల పని వదిలేసి వచ్చాడు. అమ్మతో కలిపి నలుగురం బస్సెక్కాం. పెడన దాటేసరికి వదిన కిటికీ చువ్వకి నుదురు ఆనించి నిద్రపోయింది. డాక్టరు త్రిపురసుందరిగారికి అరవయ్యేళ్లుంటాయి, సన్నగా, గట్టిగా మాట్లాడని మనిషి. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. వదినని బల్ల మీద పడుకోబెట్టి చూశారు. కళ్లు, గోళ్లు, నాలిక. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి అడిగారు.

"బియ్యం తింటావామ్మా? మట్టి గానీ, సుద్దముక్కలు గానీ?"

వదిన ముందు నాకేసి చూసింది. తర్వాత, బియ్యమండి అంది. అలవాటు చొప్పున నా మూతి మీదికి నవ్వు వచ్చేసింది. డాక్టరుగారు ఆ నవ్వు చూశారు. ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోతే అలా తినాలనిపిస్తుందని, నవ్వే విషయం కాదని, తన దగ్గరికొచ్చే సగంమందిని ఆ ఒక్క ప్రశ్నతోనే పట్టుకుంటానని చెప్పారు. నేను ఫ్రెండ్స్‌కి జోకుగా చెప్పింది రోగలక్షణం. కనీసం ఎనిమిదిమందికి చెప్పాను, ఒక్కరికీ తట్టలేదు.

మాత్రలు వాడుతున్నావా అని అడిగారు. వాడుతున్నానండి, ఒక్కరోజు కూడా మానలేదండి అంది వదిన. ఆ రెండో మాట డాక్టరుగారి కోసం కాదు.

"దేనితో వేసుకుంటున్నావు?"

"పాలతోనండి."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "పాలతో ఎవరు వెయ్యమన్నారు?"

పైన ఫ్యాను తిరుగుతోంది. గదిలో మా ఇంటివాళ్లం నలుగురం ఉన్నాం. అన్నయ్యకి తప్ప మిగిలిన ముగ్గురికీ జవాబు తెలుసు. నా నోట్లో మాట తయారుగానే ఉంది. చిన్న మాట. నేనండి అంటే అయిపోతుంది. అక్కడే, ముందు డాక్టరుగారు ఏమంటారో విందాం అనుకున్నాను.

"నేనేనండీ," అంది అమ్మ. "పిల్ల తెల్లగా పుడతదని కుంకుమపువ్వు పాలు ఇస్తన్నా. అందులోకే వెయ్యమన్నా."

వదిన తల దించుకుంది. నేను బల్ల మీదున్న పేపర్‌వెయిట్ కేసి చూశాను. లోపల ఎర్రపువ్వు ఉంది.

డాక్టరుగారు తిట్టలేదు. పాలల్లో ఉండే కాల్షియం మాత్రలోని ఇనుముని ఒంట్లోకి చేరనివ్వదని, కాఫీ టీలూ అంతేనని, నీళ్లతోనో నిమ్మకాయ నీళ్లతోనో వెయ్యాలని చెప్పారు. బిడ్డ రంగుకీ మాత్రకీ ఏ సంబంధమూ లేదన్నారు. ఇన్నాళ్లూ మాత్ర వల్ల వచ్చే బాధంతా పడింది, ఫలితం మాత్రం దక్కలేదు అన్నారు. ఇంక మూడు నెలలు కూడా లేవు. ఏడు పాయింట్లతో పురిటికి వస్తే, మామూలుగా పోయే రక్తం పోయినా తట్టుకోలేదు. ఇప్పుడు మాత్రలతో అందుకోవడం కష్టం. ఇనుమునే సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిద్దాం, రోజు విడిచి రోజు, అయిదుసార్లు. పాతకాలం ఇంజెక్షన్లలా భయపడక్కర్లేదు, మొదటిసారి మాత్రం నేను దగ్గరుండి చూస్తాను అన్నారు. నులిపురుగులకి ఒక మాత్ర కూడా రాశారు.

బయటికొచ్చాక అన్నయ్య సోడాబండి దగ్గర ఆగాడు. వదినకి నిమ్మసోడా ఇప్పించాడు. తర్వాత అమ్మకేసి తిరిగాడు. అన్నయ్య గట్టిగా మాట్లాడడు, వాడి కోపం ఎప్పుడూ నెమ్మదిగానే వస్తుంది.

"నల్లపిల్ల పుడితే నీకేం నష్టమే అమ్మా? మనిషి పోయేది."

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. నేను వదిన చేతిలో ఖాళీ సోడాసీసా తీసుకుని బండివాడికి ఇచ్చాను. ఆ రోజు నేను చేసిన సాయం అదొక్కటే.

తిరుగు బస్సులో నాతో నేను వాదించుకున్నాను. అసలు ఈ తెలుపు పిచ్చి ఎవరిది? అమ్మది. అమ్మ వద్దనకపోతే నేను పాలు కలిపేదాన్నా? కలపను. అంటే మూలకారణం అమ్మే. నాది మధ్యలో వచ్చిన చిన్న తేడా, లెక్కల్లో రౌండాఫ్ చేసేస్తాం చూడండి, అలాంటిది. గుడ్లవల్లేరు వచ్చేసరికి, నా తప్పేం లేదని నన్ను నేను దాదాపు వదిలేశాను.

ఆ రోజు నుంచి అన్నయ్య అమ్మతో నేరుగా మాట్లాడటం మానేశాడు. అన్నం కావాలంటే, లిఖితా అన్నం పెట్టమను అనేవాడు, అమ్మ ఎదురుగా పళ్లెం దగ్గర కూర్చుని ఉండగానే. వదిన తిండి సంగతంతా నాకు అప్పజెప్పాడు. ఇంట్లో నీకొక్కదానికే బుర్రుంది అన్నాడు. అమ్మ కుంకుమపువ్వు డబ్బీ సత్యవతమ్మగారికి ఇచ్చేసింది. వారానికి నాలుగుసార్లు తోటకూర వండేది. వండి, గిన్నె నా ముందు పెట్టి, ఇది పెట్టొచ్చా అని అడిగేది.

బందరుకి వదినని నేనే తీసుకెళ్లేదాన్ని. చెరువుల్లో చేపల పట్టుబడి రోజులు, అన్నయ్యకి కుదిరేది కాదు. ఆస్పత్రి మేడ మీద మూడు మంచాల గది. సీసాలో మందు కాఫీ డికాషన్ రంగులో ఉండేది. మొదటిసారి చుక్క చుక్కా దిగుతుంటే డాక్టరుగారు పక్కనే కుర్చీ వేసుకుని, వదిన నాడి పట్టుకుని కూర్చున్నారు. ఏమీ కాలేదు. నోట్లో ఇనపగరిటె పెట్టినట్టుంది అంది వదిన, అంతే. రెండోసారికి భయం పోయింది.

మూడోసారి గదిలో మేమిద్దరమే ఉన్నాం. కిటికీలోంచి కోనేరుసెంటర్ హారన్లు వినిపిస్తున్నాయి. వదిన ఎడమచేతికి సూది, కుడిచేత్తో కమలాఫలం తొనలు తింటోంది. వారంలో మొదటిసారి తనంతట తను మాట్లాడింది.

"దేవమ్మగారు ఆ రోజే చెప్పింది లిఖితా. పాలతో వెయ్యొద్దని."

నేను ఏమీ అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"మరి నాకు చెప్పలేదేం?"

"అత్తయ్య అసలు వెయ్యనివ్వనన్నారు గదా. నువ్వు ఎట్టాగో ఒప్పించావు. మళ్లీ నేను పాలు వద్దంటే మాత్రే మానిపిస్తారేమోననుకున్నా. కొంచెమన్నా పడుతుందిలే అని." ఒక తొన నోట్లో పెట్టుకుని, గింజ తీసి చేతిలో పెట్టుకుంది. "పైగా నువ్వు ఇంజనీరువి. ఇంటరుదాన్ని, నేనేం చెప్తాను."

"నాలిక ఎత్తమన్నప్పుడన్నా చెప్పాల్సింది."

వదిన సీసాకేసి చూసింది, ఇంకా ఎంతుందో అన్నట్టు.

"అప్పుడు చెప్పాలనిపించలేదు."

సీసా అయ్యేదాకా దిగే చుక్కలు చూస్తూ కూర్చున్నాను. బస్సులో చేసుకున్న లెక్క ఎటు తిప్పి చూసినా నిలబడలేదు. మా ఇంట్లో జవాబు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ మనిషిని రైస్‌మిల్లని పిలిచింది నేను.

కిందికి దిగేటప్పుడు, ఇవాళే అన్నయ్యకి చెప్పేస్తాను అన్నాను. వదిన మెట్ల రెయిలింగు పట్టుకుని ఆగింది.

"పురుడయ్యేదాకా వద్దు. నాకిప్పుడు ఇంట్లో ఇంకో గొడవ వినే ఓపిక లేదు."

నాకు హాయిగా అనిపించింది. అదే నేను క్షమించుకోలేనిది. తను ఓపిక లేక అన్న మాటని నేను సెలవు దొరికినట్టు తీసుకున్నాను.

అయిదు సీసాలు పూర్తయ్యాయి. ఆపైన మాత్రలు మళ్లీ మొదలు, ఈసారి మధ్యాహ్నం, నిమ్మకాయ నీళ్లతో. కార్తీకమాసం సగంలో పరీక్ష చేయిస్తే తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది. వదిన పెదాలకి రంగొచ్చింది. ఒకరోజు డాబా ఎక్కి వడియాలు ఎండబెట్టి, ఆగకుండా దిగొచ్చింది. బియ్యం డబ్బా దగ్గర నిలబడటం ఎప్పుడు మానేసిందో ఎవరం గమనించలేదు. ఆ రిపోర్టు చూసి అన్నయ్య నా తల మీద చెయ్యి వేశాడు. అమ్మ అప్పుడు వాకిట్లో చేటలో మినుములు చెరుగుతోంది. ఎంతొచ్చింది అని నన్నడిగింది. చెప్పాను. దణ్ణం పెట్టుకుని మళ్లీ చేట ఎత్తింది.

కోతలై కుప్పలు వేస్తుండగా, డిసెంబరు ఆఖర్లో వదినకి నొప్పులొచ్చాయి. పురుడు బందరులోనే అని ముందే అనుకున్నాం. నాగాయలంక నుంచి వదిన వాళ్లమ్మా నాన్నా వచ్చారు. అప్పటికి రక్తం పది పాయింట్లు దాటింది. మధ్యాహ్నం మూడింటికి ఆడపిల్ల పుట్టింది. రెండున్నర కిలోలు. రక్తం కాస్త ఎక్కువే పోయిందని, అయినా తట్టుకుందని, అక్టోబరులో ఉన్నట్టే వచ్చి ఉంటే వేరేగా ఉండేదని డాక్టరుగారు అన్నయ్యకి చెప్పారు.

నర్సు పాపని తెల్లటి గుడ్డలో చుట్టి తెచ్చి అన్నయ్య చేతుల్లో పెట్టింది. పిల్ల చామనచాయ. తండ్రి పోలిక. అమ్మ బెంచీ మీంచి లేచింది. రంగు మాట ఎత్తలేదు. తల్లి ఎట్టా ఉంది అని నర్సుని అడిగింది. బాగుందని విన్నాక రెండు చేతులూ చాచింది.

అన్నయ్య ఆ చేతుల్ని చూశాడు. చూసి, రెండడుగులు పక్కకి వేసి, పాపని నాకిచ్చాడు.

"నువ్వు పట్టుకో. నీకైతే తెలుసు."

అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. కొంగు సర్దుకోవడానికే చాచినట్టు కొంగు సర్దుకుంది. పాప బరువే లేదు. కళ్లు మూసుకుని నోరు కదుపుతోంది. నేను అప్పుడన్నా చెప్పి ఉండాల్సింది. పురుడయ్యేదాకా అన్న గడువు అయిపోయి గంటైంది. వదిన వాళ్లమ్మ వచ్చి పాపని అందుకునేదాకా నేను అలాగే, ఎత్తుకోవడం బాగా తెలిసినదానిలా నిలబడ్డాను.

సాయంత్రం అన్నయ్యా, వదిన వాళ్లమ్మా ఆస్పత్రిలో ఉండిపోయారు. అమ్మా నేనూ ఊరికి బయల్దేరాం. బస్సు ఖాళీగా ఉంది. పక్కపక్కనే కూర్చున్నాం. రోడ్డుకి రెండువైపులా కోసిన చేలు, కుప్పలు. పెడన దాటాక చెప్పాను.

"ఆ రోజు డాక్టరుగారి దగ్గర నేనని చెప్పాల్సిందమ్మా. ఇప్పుడన్నా చెప్తాను. రేపు పొద్దున్నే వెళ్లి అన్నయ్యకి చెప్పేస్తాను."

అమ్మ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"చెప్పమాక."

"నువ్వు చెయ్యనిదానికి నీ మీద కోపంగా ఉన్నాడు."

"నా మీద అయితే రెండు నెలలుంటది. అమ్మని గదా, పోద్ది. నీ మీద వస్తే అట్టా పోదే. రేపు మీ నాన్నా నేనూ లేకపోతే నీకు పుట్టిల్లంటే వాడే. పసుపు కుంకుమలకైనా నువ్వు వాడి గుమ్మమే ఎక్కాలి." కొంగు భుజాల మీదికి లాక్కుని మళ్లీ అంది. "నేనెందుకన్నాననుకున్నావు ఆ రోజు? మర్చిపోయి అనుకున్నావా?"

అవును, అలాగే అనుకున్నాను. మర్చిపోయిందనుకున్నాను. అమ్మకి ఏం గుర్తుంటుందిలే అనుకున్నాను.

"మరి వదిన?"

"బిందు చెప్పదు. నీకంటే దానికే తెలివి."

కవుతరం దగ్గర ఎవరో ధాన్యం బస్తా ఎక్కించారు. అమ్మ కాళ్లు పక్కకి జరుపుకుని వాళ్లకి చోటిచ్చింది.

నేను చెప్పలేదు. అమ్మ వద్దంది కాబట్టి అని అనుకోవడం సులువు. పాపకి మూడోనెలలో వదిన నాగాయలంక పుట్టింటి నుంచి వచ్చేసరికి అన్నయ్య గుడివాడలో ఇల్లు తీసుకున్నాడు. చెరువులకి దగ్గర అన్నాడు. పిల్లని అమ్మ ఉన్న ఇంట్లో పెంచనని నాతో అన్నాడు. ఆ రెండు నెలల లెక్కలో మాత్రం అమ్మ పొరపడింది. ఇప్పుడు పాపకి నాలుగేళ్లు. వదిన నెలకోసారి పిల్లని తీసుకుని ఊరొస్తుంది, అత్తయ్యా అని వంటింట్లోనే కూర్చుంటుంది. అన్నయ్య వస్తాడు, వాకిట్లో బండి మీద నుంచి దిగకుండానే వెళ్తాడు.

నాకిప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. సెలవులకి ఇంటికి వెళ్తాను. పాపకి జలుబు చేసినా, దగ్గొచ్చినా, డాక్టరు ఏ మందు రాసినా అన్నయ్య గుడివాడ నుంచి నాకే ఫోన్ చేస్తాడు. మొన్న నేను ఊళ్లో ఉండగా కూడా చేశాడు. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"లిఖితా, ఈ టానిక్ అన్నం ముందా, తర్వాతా? పాలతో ఇవ్వొచ్చా?"

సీసా మీద ఏం రాసుందో చదవమన్నాను. చదివాడు. నిదానంగా, ఒకటికి రెండుసార్లు చెప్పాను. నువ్వు లేకపోతే ఎట్టానే అన్నాడు. అమ్మ తల ఎత్తకుండా వింటోంది.